పాత రివాల్వర్ల మీది నీలివన్నె



నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందఱు వింతపడవచ్చును. నలుబది యేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పుకొని బ్రతికిన వానికి రివాల్వరుతో పని యేమి యని అడుగవచ్చును. నేను ఆయుధమును పొగడుటకు రాలేదు. ఉక్కునకు నీలివన్నె యెట్లు వచ్చును, ఆ వన్నెలలో భేదము లెవ్వి, ఆ భేదములు దేనికి సాక్ష్యమిచ్చును, ఆ సాక్ష్యమును మనవారు మంచి చేయబోయి యెట్లు చెఱచుకొనుచున్నారు అను నాలుగు మాటలు చెప్పుటకు మాత్రమే వచ్చితిని. మన గ్రామములలో తాతల నాటి ఆయుధమును లైసెన్సుతో భద్రపఱచుకొనియున్న కుటుంబములు ఇప్పటికిని కొన్ని కలవు. ఈ మాటలు ముఖ్యముగా వారికి. తక్కినవారికి కమ్మరికొలిమిలోని ఒక రహస్యము తెలిసినంత లాభము.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. రివాల్వరు మీద కనబడు నీలము పూసిన రంగు కాదు. ఇత్తడిబిందెకు కళాయి వేసినట్లు వేఱొక లోహమును తెచ్చి అంటించినదియు కాదు. ఆ యుక్కే తన పైపొరను తాను మార్చుకొనగా ఏర్పడిన వన్నె యది. ఇనుము గాలిలోని ఆమ్లజనితో కూడునపుడు రెండు విధములుగా కూడవచ్చును. తేమ తగిలి తనంత తాను కూడినచో ఎఱ్ఱని త్రుప్పగును. అది పొడిపొడిగా రాలును. రాలినచోట క్రొత్త యినుము బయటపడి మఱల త్రుప్పుపట్టును. తుదకు వస్తువే నశించును. వేడిచేతగాని, తగిన ద్రావకముచేతగాని అదుపులో నుంచి కూర్చినచో నల్లని పొర యగును. ఇందు ఇనుము మూడు పాళ్లును ఆమ్లజని నాలుగు పాళ్లును ఉండును. ఇది రాలదు, గట్టిగా అంటుకొనియుండును, నూనెను పీల్చి నిలుపుకొనును. మన పూర్వులు అయస్కాంతమని పిలిచిన సూదంటురాయి యందలి పదార్థము సరిగా ఇదియే. భూమిలో పుట్టిన అయస్కాంతశిలయు, రివాల్వరు గొట్టము మీది నల్లని పొరయు ఒకే వంశములోనివి. కాబట్టి నీలివన్నె యనగా మంచి మార్గమున పెట్టిన త్రుప్పని చెప్పిన తప్పులేదు. దాని మందము మన వెండ్రుక మందములో ఏబదవ వంతో నూఱవ వంతో మాత్రమే. ఈ యొక్క సంగతిని మఱువకుడు. ముందు చెప్పబోవున దంతయు దీనిమీద ఆధారపడియున్నది.

సంస్కృతమున ఇనుమునకు కాలాయసమని పేరు. నల్లని లోహమని దాని యర్థము. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఖడ్గలక్షణమునకు ఒక అధ్యాయమును కేటాయించి, కత్తికి నీరు పట్టించు పద్ధతులను గూడ అందు చెప్పెను. నీరు పట్టించు పని మన కమ్మరికి నేటికిని తెలియును. అతడు ఉలిని ఎఱ్ఱగా కాల్చి, మొనను నీటిలో ముంచి తీసి, రాతిమీద రుద్ది, కన్నార్పక చూచుచుండును. మొదట ఎండుగడ్డి పసుపు కనబడును, పిదప గోధుమవన్నె, తరువాత ఊదా, తరువాత నీలము. కావలసిన వన్నె మొనకు రాగానే తటాలున ముంచివేయును. ఆ వన్నెలకు లెక్క కలదు. సుమారు 225 సెంటిగ్రేడు డిగ్రీల వేడివద్ద గడ్డిపసుపును, 255 ప్రాంతమున గోధుమవన్నెయు, 275 ప్రాంతమున ఊదాయు, 295 ప్రాంతమున ముదురు నీలమును వచ్చును. 320 దాటినచో నీలము వెలిసి బూడిదవన్నె యగును. వేడి పెరిగినకొలది పైపొర మందమెక్కును. పొర మీదనుండి మఱలిన వెలుగును, పొర అడుగునుండి మఱలిన వెలుగును ఒకదానితో నొకటి కలిసి, కొన్ని వన్నెలు అణగి, కొన్ని పైకి తేలును. వాననీటిగుంటమీద నూనెచుక్క పడినపుడు ఇంద్రధనుస్సు కనబడుటకు కారణము కూడ నిదియే. నీలిరంగు ఎక్కడను లేదు. పొర మందమే నీలముగా మన కంటికి తోచుచున్నది.

ఇక రివాల్వర్ల కడకు వత్తము. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున కోల్ట్ వారును, స్ప్రింగ్‌ఫీల్డునందు స్మిత్ అండ్ వెస్సన్ వారును, ఇంగ్లండునందలి బర్మింగ్‌హామున వెబ్లీ వారును పేరెన్నికగన్న రివాల్వరు నిర్మాతలు. వీరి పాత వస్తువుల మీద నీలివన్నె అంతయు ఒకటి కాదు. ముఖ్యముగా నాలుగు జాతులు కలవు. తెలుగున వానిని సురేకారపు నీలి, బొగ్గు నీలి, త్రుప్పు నీలి, ఉప్పు నీలి యని పిలుచుకొందము.

సురేకారపు నీలి యనగా పెట్లుప్పును కరగించి, అందు మెఱుగుపెట్టిన చిన్న భాగములను ముంచుట. పెట్లుప్పు ఒంటిగా 334 డిగ్రీలవద్ద కరుగును. తోడి లవణములను కలిపినచో అంతకు తక్కువ వేడిలోనే కరుగును. కమ్మరి కొలిమివద్ద క్షణకాలము కనబడి పోవు నీలమును, వేడి అంతట సమముగా నుండు ఈ ద్రవములో నిలుకడగా పట్టుదురు. నెమలిమెడ వలె మిలమిలలాడు వన్నె వచ్చును. మరమేకులు, చీలలు, మీట మొదలగు చిన్న భాగములకే దీనిని వాడిరి. అన్ని నీలములలోను అందమైనది యిదియే. అన్నిటికంటె త్వరగా అరిగిపోవునదియు నిదియే. చేతివేళ్లు నిత్యము తగులు మీటమీద అది నిలువదు. కావున పాత రివాల్వరున మరమేకు తలలపల్లములో, చేయి సోకని మూలలలో మాత్రమే ఆ నెమలివన్నె మిగిలియుండును.

బొగ్గు నీలి పెద్ద భాగములకు వాడినది. గొట్టమును, చట్రమును అద్దమువలె మెఱుగుపెట్టి, మన వ్రేలిజిడ్డు కూడ లేకుండ తుడిచి, బొగ్గుల నడుమ నుంచి 300 డిగ్రీలకు మించిన వేడిలో గంటలకొలది కాల్చుదురు. మధ్యమధ్య తీసి నూనె నద్దిన నారతో రుద్ది మఱల పెట్టుదురు. బొగ్గు గాలిని మితము చేయుటవలన, బయటి గాలిలో వెలిసిపోవలసిన వన్నె ఇక్కడ దట్టమై నిలిచి, ముదురు నీలముగా పరిణమించును. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికను గ్యాస్ ఫర్నేసు కంపెనీవారు ఎముకలబొగ్గును, కార్బోనియా యను ఒక నూనెను చేర్చి, తిరుగు కొలిమిలో ఈ పనిని జరుపు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందటి కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో నేడు జనులు మెచ్చుకొను లోతైన నీలము ఈ కుటుంబమునకు చెందినదే. దానిని ఎండలో పట్టి చూచినచో లోతైన బావినీటిలో ఆకాశము కనబడినట్లుండును. అయితే పొర పలుచన. తోలుసంచిలో పెట్టి తీయుచుండగా గొట్టపు కొనయు, సిలిండరు అంచులును ముందుగా తెల్లబడును. పిదప ఆ చోట్లు కాలక్రమమున మెల్లగా గోధుమవన్నెకు తిరుగును.

త్రుప్పు నీలి వినుటకే విచిత్రము. జిడ్డు తీసిన ఉక్కునకు పలుచని ఆమ్లద్రావణమును పూసి, తేమగల పెట్టెలో నుంచి, బుద్ధిపూర్వకముగా ఎఱ్ఱత్రుప్పు పట్టింతురు. పిదప మరుగునీటిలో కాచుదురు. ఎఱ్ఱత్రుప్పు నల్లబడును. మెత్తని తీగెకుంచెతో విడిపొడిని దులిపివేయుదురు. మఱల పూత, మఱల త్రుప్పు, మఱల కాగు. ఇట్లు పలుమాఱులు, దినములకొలది జరుగును. శత్రువును లొంగదీసి సేవకునిగా చేసికొన్నట్లు, త్రుప్పునే త్రుప్పునకు కాపు పెట్టుట యన్నమాట. దీని వన్నె అద్దమువలె మెఱయదు. పట్టుబట్ట మీది నిగారింపు వలె అణకువగా నుండును. నీలము కలిసిన నలుపు. మన్నిక విషయమున మాత్రము ఇది బొగ్గునీలిని మించినది. జర్మనీ దేశపు లూగర్ పిస్తోలు రివాల్వరు జాతిలోనిది కాకపోయినను మంచి యుదాహరణము. మౌజరు కర్మాగారమువారు 1937 వఱకు దానికి త్రుప్పు నీలియే పెట్టి, ఆ యేట ఉప్పు నీలికి మాఱిరి.

ఉప్పు నీలి నాలుగవది, ఆధునికమైనది. కాస్టిక్ సోడాను, నైట్రేటు లవణములను నీట కరగించి కాచినచో ఆ ద్రావణము 100 డిగ్రీలకు మరుగక, సుమారు 140 డిగ్రీల ప్రాంతమున మరుగును. అందు ఉక్కును ముంచి అరగంట లోపుగా తీయవచ్చును. దినముల పని నిమిషములకు దిగెను. 1930 తరువాతి దశాబ్దమునుండి ఇది కర్మాగారములలో వ్యాపించెను. యుద్ధకాలపు తొందర దీనికి తోడ్పడెను. వన్నె అంతట సమముగా, కాకిరెక్కవలె నల్లగా నుండును. తీక్ష్ణమైన ఎండలో మాత్రము నీలిచాయ తొంగిచూచును. సిలికాను పాలు హెచ్చుగానున్న కొన్ని ఉక్కులమీద ఇది నల్లబడక, అల్లనేరేడు పండు చాయకు తిరుగుటయు కలదు. దీనికొక పెద్ద పరిమితి కలదు. కాస్టిక్ సోడా సీసమును తగరమును తినివేయును. కావున సీసపుమాటుతో అతికిన రెండుగొట్టముల తుపాకిని ఇందు ముంచినచో గొట్టములు విడిపోవు ప్రమాదము కలదు. అట్టివానికి నేటికిని త్రుప్పు నీలియే శరణ్యము.

ఈ నాలుగింటికి చుట్టములవలె కనబడి, నీలము కానివి మూడు కలవు. 1873లో అమెరికా సైన్యము స్వీకరించిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరు చట్రముమీద మేఘములవలె నీలము, గోధుమ, బూడిద వన్నెలు కలగలిసియుండును. అది ఎముకలబొగ్గుతో కూడ ఇనుపపెట్టెలో బిగించి, ఎఱ్ఱగా కాల్చి, ఒక్కసారిగా నీట ముంచుటవలన వచ్చినది. పైచర్మము గట్టిపడుటయే దాని ముఖ్యఫలము, వన్నె కొసరు. ఆ రివాల్వరున గొట్టమును సిలిండరును మాత్రము నీలము. రెండవది ఫాస్ఫేటు పూత: యుద్ధకాలమున స్మిత్ అండ్ వెస్సన్ వారు చేసిన విక్టరీ రివాల్వరు మీద కనబడు మెఱుపులేని బూడిదవన్నె వంటిది. యుద్ధమున మెఱుపు శత్రువునకు సైగ. కావున మెఱుపును మానిరి. మూడవది సీసాలో అమ్ము చల్లని నీలి. ఇందు వేడి లేదు. సెలీనియము, రాగి మొదలగువాని లవణములు ఉక్కుమీద పేరుకొని నల్లగా కనబడును. ఇది మచ్చలు మచ్చలుగా నుండును, కొలది కాలములో పోవును. చూపునకు నీలము, నిజమునకు వేషము.

మఱియొక మాట. ఒకే పద్ధతిలో నీలము పెట్టిన రెండు రివాల్వర్లు వేఱువేఱుగా కనబడుటకు కారణము అడుగున పెట్టిన మెఱుగు. పొర వెండ్రుకలో నూఱవ వంతని చెప్పితిని గదా! అంత పలుచని పొర క్రింది గీతను దాచలేదు. అద్దమువలె నున్న ఉక్కుమీద పడిన నీలము అద్దమువలె నుండును. ఇసుకతో గరుకుచేసిన ఉక్కుమీద అదే నీలము మట్టుగా నుండును. 1935లో వెలువడిన స్మిత్ అండ్ వెస్సన్ వారి .357 మాగ్నమునకును, 1955లో వెలువడిన కోల్ట్ పైతానునకును వచ్చిన కీర్తిలో సగము మెఱుగుపెట్టిన పనివాని చేతిది. గోడ నునుపు చేయకుండ సున్నము వేసి నునుపు రాలేదని సున్నమును నిందింపరాదు గదా.

ఇప్పుడు సాక్ష్యపు సంగతి. వన్నెలను గుర్తించినవాడు పాత రివాల్వరును శాసనమువలె చదువగలడు. 1900 ప్రాంతమున పుట్టిన వస్తువు కాకిరెక్క నలుపుతో అంతట సమముగా నున్నచో, అది పుట్టిననాటి వన్నె కాదని, తరువాత ఎవరో ఉప్పు నీలి పెట్టిరని తెలియును. మేఘవన్నె యుండవలసిన చట్రము నల్లగా నున్నను అంతే. పదునుగా నుండవలసిన అంచులు గుండ్రబడియున్నను, మరమేకు రంధ్రములు గిన్నెవలె పల్లమైనను, అక్షరములు సగము చెరిగియున్నను, త్రుప్పు తిన్న గుంటల లోపలకూడ క్రొత్త నీలము నిండియున్నను, సాన యంత్రము దానిమీద తిరిగినదని గ్రహింపవలెను. అట్లుగాక, తోలుసంచి రాచినచోట తెల్లబడి, అరచేయి పట్టినచోట గోధుమవన్నెకు తిరిగి, మూలలలో పుట్టునీలము మిగిలియున్నది, చూచుటకు ముదుకగానున్నను, నిజము పలుకుచున్నది. పాతవస్తువుల తెలిసినవారు క్రొత్త మెఱుగును కాక ఈ ముదిమినే హెచ్చుగా విలువ కట్టుదురు.

ఇందుమూలమున వచ్చిన చిక్కు నొకదానిని చెప్పెదను. నేను పనిచేసిన గ్రామములలో ఒకచోట ఒక కుటుంబమున, పోలీసు కొలువు చేసిన పెద్దాయన విడిచిపోయిన రివాల్వరు ఉండెను. కుమారుడు దానిని లైసెన్సుతో ఉంచుకొనెను. పెద్దాయన సంవత్సరీకమునాటికి దానిని క్రొత్తదానివలె చేయింపవలెనని భక్తితో తలచి, పట్టణమున మెఱుగుపని చేయు ఒకనికి ఇచ్చెను. అతడు సానబట్టి, నల్లని ద్రావకము పూసి, మిలమిలలాడునట్లు చేసి యిచ్చెను. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. లైసెన్సు పునరుద్ధరణకు తీసికొనిపోయినపుడు చట్రముమీది అంకెలు చాలవు. కాగితములో నున్న సంఖ్య ఉక్కుమీద లేదు. తన తండ్రి వస్తువు తన తండ్రిదే యని నిరూపించుకొనుటకు ఆ కుమారుడు ఎన్ని గడపలు తొక్కెనో నే నెఱుగుదును. ఆయుధము ఠాణాలోనే యుండిపోయెను. సంఖ్య చెరగక మునుపు దానికి ముసలితనము తప్ప వేఱు దోషము లేదు.

చట్టము ఏమనునో వినుడు. 1959 నాటి ఆయుధచట్టపు 8వ సెక్షను, తుపాకి మీది పేరును, సంఖ్యను, గుర్తును చెరుపుట, మార్చుట నిషేధించుచున్నది. అంతటితో పోక, గుర్తు చెరిగిన ఆయుధము ఎవరియొద్ద నున్నదో వారే చెరిపిరని, మఱొకవిధముగా రుజువగువఱకు, భావించుచున్నది. ఆయుధమును బాగుచేయు వృత్తికి లైసెన్సు కావలెనని అదే చట్టపు 5వ సెక్షను చెప్పుచున్నది. కావున గిన్నెలకు మెఱుగుపెట్టు దుకాణమునకు రివాల్వరును పంపరాదు. ఇంటనే పెట్లుప్పు కరగించి, కాస్టిక్ కాచి ప్రయత్నించుట మఱియు ప్రమాదము. కరిగిన పెట్లుప్పులో ఒక్క నీటిచుక్క పడినచో అది ఆవిరియై పేలి, ద్రవమును ముఖముమీదికి చిమ్మును. కాస్టిక్ కంటబడినచో చూపు పోవచ్చును.

మఱి చేయవలసిన దేమి? మిక్కిలి స్వల్పము. మన యిండ్లలో ఇత్తడిని చింతపండుతోను, బూడిదతోను, ఇటుకపొడితోను తోముదురు. ఉక్కునీలమునకు ఈ మూడును శత్రువులు: చింతపండులోని పులుసు పొరను కరగించును, పొడులు గీచివేయును. ఆయుధపూజనాడు నిమ్మకాయరసము దానిమీద పడనీయకుడు. పసుపుకుంకుమల తడి సోకినచో వెంటనే తుడువుడు. బట్టపఱచి ప్రక్కన అక్షతలుంచినను పూజ పూజయే. చేతిచెమటలో ఉప్పున్నది, కావున ముట్టిన పిదప మెత్తని పొడిబట్టతో తుడిచి, పలుచగా ఆయుధపు నూనె రాయుడు. తోలుసంచిలో నెలలకొలది విడువకుడు. తోలు తేమను పీల్చి పట్టుకొనును. కృష్ణా గోదావరీ మండలములలోను సముద్రపుటొడ్డునను వానకాలమున ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. ఎఱ్ఱత్రుప్పు కనబడినచో నూనె నానబెట్టి బట్టతో మెల్లగా తుడువుడు. గరుకుకాగితమును దరికి రానీయకుడు. లైసెన్సులోని సంఖ్యను ఉక్కుమీది సంఖ్యతో ఏటేట పోల్చి చూచుకొనుడు.

మన దేవాలయములలో శాసనముల మీద ఏటేట సున్నము వేయుచుండుట మీరు చూచియే యుందురు. వేయువారికి దేవునియందు భక్తియే కాని ద్వేషము లేదు. అయినను అక్షరము పూడిపోవుచున్నది. పూడినది తాత యిచ్చిన మాన్యము యొక్క మాటయే కావచ్చును. పాత ఉక్కుమీది వెలిసిన నీలమును గూర్చియు నా మనవి యింతియే. దానిని క్రొత్తది చేయవద్దు, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుడు. వన్నె తగ్గుట వస్తువునకు అవమానము కాదు. పేరు చెరుగుట అవమానము.